ఏ సబ్జెక్టు?

హన్మకొండ చౌరస్తా, మూడున్నర ఎండ.
ఇంతియాజ్ భాయ్ పరదా నీడల
ఎంసెట్ గైడ్లు, ఎంసెట్ గైడ్లు, మళ్లా ఎంసెట్ గైడ్లు.
"గైడ్ కావాలె" అన్న.
"ఏ సబ్జెక్టు?"
"అడవి."
ఆయన నవ్వలే. స్టూలెక్కి
పై అర దుమ్ము ఊదిండు.

ఎంజీఎం రక్తపరీక్షల గదిల
పద్నాలుగేండ్లు మైక్రోస్కోపు మీద వంగినదాన్ని.
నాలుగు రోజులు సెలవు దొరికింది.
అంత్యాక్షరి పాడే ప్యాకేజీ బస్సుల కాదు,
ఎవరి మొగం చూసుకుంట కాదు,
ఒక్కదాన్నే పోతున్న.
చూసుడు నాకు వచ్చు.
ఎటు చూడాల్నో చెప్పేది ఒకటి కావాలె.

మొదటిది మెరిసే కాగితం.
అట్ట మీది పులి
ఎలక్షన్ల నిలబడ్డట్టు నా దిక్కే చూస్తున్నది.
లోపల పేజీకొక పులి.
ఇన్ని ఇంట్లనే ఉంటే ఇగ అడవికెందుకు?

రెండోది ఇటుకంత బరువు. దేశం మొత్తం.
గోదావరి అవతలి మన టేకడవికి అయిదు లైన్లు:
'దారులు బాగుండవు, సమయముంటేనే వెళ్లండి.'
సమయం ఉన్నది సారూ, నాలుగు రోజులు.
నీకే లేకుండె కావచ్చు.

మూడోదానికి అట్ట లేదు,
వెన్నుకు సైకిల్ ట్యూబు ముక్క అంటించి ఉంది.
గెస్ట్‌హౌస్ గది నలభై రూపాయలట!
జిల్లా పేరు మారింది, ఫోన్ నంబర్లు అయిదంకెలే.
డ్యాం నీళ్ల కిందికి పోయిన ఊరికి
పొద్దుగాల బస్సు టైము కూడా ఉంది.

మొదటి పేజీల నీలి సిరా:
ఎస్. కొమురెల్లి, కోల్ కట్టర్, బెల్లంపల్లి.
ఇగ అంచులన్నీ పెన్సిలే.

'ఈ బావి నీళ్లు తాగొద్దు.'
'వాచర్ ఆత్రం జంగు. బీడీలు తీస్కపోవాలె.'
'ఎలుగ్గొడ్డు అడుగు. నా బూటు పక్కన పెట్టి కొలిచిన. నాదే చిన్నది.'
'నైట్ షిఫ్ట్ దిగి సీదా వచ్చిన. కూసున్నకాడనే కునుకు పట్టింది.
దుప్పులు నన్ను చూసి పోయి ఉంటయ్.'
'మద్ది చెట్ల మలుపు. ఆరూ ఇరవైకి
వెలుగు ఆకు కిందికి దిగుతది. అప్పటిదాంక మాట్లాడొద్దు.'

వారమంతా భూమి కడుపుల టోపీ దీపంతోని తిరిగినాయన
వెలుగుకు టైం రాసి పెట్టుకున్నడు.

పిట్టల జాబితాల పాలపిట్టకు పదమూడు టిక్కులు.
గుడ్లగూబ ఎదుట ఒక ప్రశ్నార్థకం,
రెండుసార్లు చెరిపి మళ్లా పెట్టింది.
అనుమానమున్న స్లైడు మీద
మేం పెట్టేది కూడా అదే.

పులి పేజీల ఆదివారం తర్వాత ఆదివారం, తేదీలేసి:
'చూడలే.'
'చూడలే.'
'వాసనొచ్చింది.'
'చూడలే.'

"అది వద్దమ్మా" అన్నడు భాయ్,
"రేట్లన్నీ తప్పు. మెరిసేది తీస్కో, తగ్గిస్త."
రేట్లు కండక్టర్ చెప్తడు.
యాభై ఇచ్చిన. సంచిల పెన్సిలొకటి ఏసుకున్న.

కాజీపేటల రైలు, మంచిర్యాలల బస్సు,
జన్నారంల దోమలు. గది నలభైకి రాలే.
మూడోనాడు చీకటితోనే
మద్ది చెట్ల కాడ జీపు ఆపమన్న.
"ఈడేముంటది మేడం? పులి మొన్న
అటు దిక్కు కనబడ్డది" అన్నడు డ్రైవర్ తిరుమలేశు.
వాచీ చూసుకున్న. ఆరూ ఇరవై.
చీకటే.
ఇరవై ఒకటి. ఏమో తప్పు రాసిండేమో.
అడవికోడి ఒకటి కూసి ఊకున్నది.
ఇరవై రెండు.
తిరుమలేశు ఏదో అనబోయి
ఎందుకో ఇంజను బందు చేసిండు.

ఇరవై మూడుకు దిగింది.

ముప్పై ఏండ్లల్ల మూడు నిమిషాలు.
మద్దులు పెరిగినయ్ కదా.
ఆయన అంకె కొట్టెయ్యలే,
కింద నాది రాసిన.

తర్వాత పులి పేజీ తీసి
ఆఖరి 'చూడలే' కింద ఎంత జాగ ఉందో చూసిన.
ఇంకా మస్తున్నది.