పదో వేలు

ముందు కుడి బొటనవేలు.
మిషను ఎర్రగా ఒకసారి చూసి, కాదంది.
చూపుడువేలు. కాదంది.
నడిమివేలు పెట్టేసరికి
క్యూలో వెనకనుంచి ఎవరో దగ్గినారు.
అది దగ్గు కాదు, తొందర.

నేను చౌకదుకాణం వాణ్ణి.
బంగారుపాళ్యం దాటి ఆరు మైళ్లు లోపలికొస్తే
రేకుల షెడ్డు, ఒక కాటా,
గోడకి పోయినేడు క్యాలెండరు.
ఈ ఊరి వేళ్లన్నీ నాకు తెలుసు.
బేల్దారి చెంగల్రాయుడిది సిమెంటు తిన్న వేలు,
మూడోసారికి పడుతుంది.
పాలు పిండే సులోచనది మెత్తని వేలు,
పెట్టీ పెట్టకముందే పాసు.
మొగిలమ్మదే,
తోతాపురి దిగిందంటే ఇంక దేవుడే దిక్కు.

గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ఆమెకు.
గేటు ముందర మూడు రోజులుగా ట్రాక్టర్లు,
టైర్ల నీడలో రైతులు,
కిలో ఎంతకు తెగుతుందోనని
నిద్రలో కూడా వేళ్లు మడుస్తా ఉంటారు.
లోపల ఆడోళ్లు తొడిమలు కోస్తా ఉంటారు.
కాయ తల తెగ్గానే చిమ్ముతుందే సొన,
అది చర్మాన్ని అడగదు, కొరుకుతుంది.
గ్లౌజులు ఇస్తారు, తనిఖీ ఆఫీసరు వచ్చే రోజు.
గ్లౌజుతో కత్తి జారుతుంది.
క్రేటుకి ఇంతని కూలి,
జారే కత్తికి ఎవరిస్తారు?

"ఏం మే, సున్నం రాసుకోలేదా?" అన్నాను.
"రాసినా సామీ. సున్నం కూడా సొన పక్షమే."

కొబ్బరినూనె రుద్దింది.
కొంగుకు తుడిచింది.
గడప బండకేసి రాసింది, కత్తి నూరినట్టు.
ఎడమ చేతికి వచ్చినాం.
తెర మీద చక్రం తిరగలి మాదిరి తిరిగింది,
పిండి రాలలేదు.
కన్ను చూసే మిషను కూడా ఉంది నా దగ్గర.
ఆమె కంట్లో శుక్లం,
ఆపరేషను దసరాకన్నారంట,
ఏ దసరాకో చెప్పలేదంట.

పోయిన వారం సంతలో
సోది చెప్పేయామె చెయ్యి పట్టి చూసి
పది రూపాయలు వెనక్కిచ్చేసిందంట.
ఇది మొగిలమ్మే చెప్పింది, నవ్వతా.
క్యూ అంతా నవ్వింది. నేనూ నవ్వినాను.
ఇప్పుడు రాస్తావుంటే
ఆ నవ్వు యాడ పెట్టాలో తెలవడం లేదు.

ఆ గీతలు యాడికి పోయినట్టు?
ఫ్యాక్టరీ డ్రమ్ములు చెన్నై రేవులో ఓడెక్కుతాయి.
ఏదో ఇసక దేశంలో
బడినుంచి వచ్చిన పిల్లోడు గొట్టం పెట్టి పీలుస్తాడు,
తియ్యగా ఉందంటాడు.
తన నాలుక మీద ఒక బొటనవేలు ఉందని
వాడికెవరు చెప్తారు?
చెప్పినా వాడేం చేస్తాడు, పసోడు.

కార్తీకంలో ఫ్యాక్టరీకి తాళం పడుతుంది.
కూలి ఉండదు, కత్తి ఉండదు.
వానకు గరిక వచ్చినట్టు
ఆ వేళ్లమీదికి గీతలు మళ్లీ వస్తాయి.
అప్పుడు ఒక్కసారికే పాసు.
ప్రతి ఏడూ చూస్తున్నా,
చేతికి పనిలేని నెలల్లోనే
ఆమె మొగిలమ్మని మిషను నమ్ముతుంది.

పదో వేలు, ఎడమ చిటికెన.
కత్తి పట్టని వేలు కదా,
దాని మీద నాకు కొంచెం ఆశ ఉండింది.
ఆమెకు లేనట్టుంది,
పెడతానే సంచి మడిచేసింది.
కాదంది.

"మూడు నెలలు వరసగా తీసుకోకపోతే
కార్డు తీసేస్తారంట గదా సామీ?"
నేను కాటా వైపు చూసినాను.
కాటా సున్నా చూపిస్తా ఉంది,
చాలా ఖచ్చితంగా.
"రేపు పొద్దున్నే రా మే, సర్వరు బాగుంటుంది" అన్నాను.
సర్వరు బాగానే ఉంది.

ఆమె పోయినాక చెంగల్రాయుడు వచ్చి
వేలు పెట్టి, గబుక్కున వెనక్కి తీసుకున్నాడు.
"ఏందిది, అంటుకుంటా ఉంది అద్దం."
వేలు ముక్కుకాడ పెట్టుకొని చూసినాడు.
"మామిడి," అన్నాడు.
నేను గుడ్డ ఇచ్చినాను, తుడిచినాడు.
రెండుసార్లు తుడిచినా పోలేదు.