మొదటి వరుస

ఆఖరి మలుపు దగ్గర గాడిద మొరాయించింది.
ఇక బ్యాటరీని ఖుష్‌వక్తే వీపుకెత్తుకున్నాడు.
పదకొండు కిలోల సీసం.
"దీనికన్నా గొర్రెపిల్ల నయం, వెచ్చగానైనా ఉంటుంది"
అని గొణుక్కుంటూ.

పామీర్ కొండల్లో, ఊరికి నాలుగు గంటల నడక పైన,
మంచు కరిగి నిలిచిన చెరువు.
దానికి పేరు లేదు. కింద ఊళ్ళో "పైది" అంటారు, అంతే.

ఓదినామో చేతి తొడుగుల్ని పళ్ళతో లాగి తీసింది.
ముందు నల్ల తీగ. తరువాత ఎర్రది.
తారుమారైతే ఏమవుతుందో పోయినేడు నేర్చుకుంది:
చిటికెడు పొగ, నాలుగు నెలల జీతం.
మీటరు పన్నెండున్నర చూపింది. చాలు.
సోలార్ పలకను దక్షిణానికి తిప్పి
మంచు నిలవకుండా నిటారుగా బిగించింది.
పెట్టెలో తేమ పీల్చే పొట్లాలు రెండు పడేసింది.
ఒకటి చాలంటుంది పుస్తకం.
పుస్తకం ఎప్పుడూ ఇక్కడికి రాలేదు.

బొటనవేలంత ఇనుప గొట్టం, నీటి బరువు తూచేది,
కేబులుతో పాటు మెల్లగా మునిగింది.
"నీళ్ళు పెరిగితే మోగుతుందా?"
"తగ్గితే. ఉన్నట్టుండి తగ్గితే."
ఆయన తలూపాడు. తెలియని సంగతేం కాదు.
ఆ ఆగస్టు రాత్రి పైది సగం ఖాళీ అయిందని
కిందికి కబురు రాలేదు.
కబురు రావలసిన దారినే నీళ్ళొచ్చాయి.

మీట నొక్కింది. డేటా లాగర్ తెర మీద పచ్చటి వెలుగు.
కాలం తెలియని యంత్రం
తనకు తెలిసిన ఒక్క తేదీ చెప్పింది:
2000 జనవరి 1, సున్నా గంటల సున్నా నిమిషాలు.

"అదేమిటి?"
"ఇంకా గడియారం పెట్టలేదు కదా.
పెట్టేదాకా దానికి అన్నీ అక్కణ్ణుంచే."

ఖుష్‌వక్త్ మోకాళ్ళ మీద వంగాడు
పొయ్యి ఊదేవాడిలా, తెరకు అంత దగ్గరగా.
వేళ్ళు మడిచాడు.
"అయితే ఇంకా ఐదేళ్ళుంది."
దేనికని ఆమె అడగలేదు.
ఆప్రికాట్ చెట్లు పదహారు, అన్నాడు.
కొత్త పైకప్పు, రంగు వెయ్యాలి, అన్నాడు.
సవ్‌సన్, అన్నాడు.
ఆ పేరు తరువాత ఏమీ అనలేదు.

ల్యాప్‌టాప్‌లో ఛార్జి పన్నెండు శాతం,
చలికి అదీ కారిపోతోంది.
నాలుగు అంకెలు కొడితే అయిపోయే పని.
ఓదినామో ఫ్లాస్కు మూత తిప్పి
ఉప్పు పాలటీ రెండు గిన్నెల్లో పోసింది.

తాగారు. గాలి, అంతే.
పావుగంట కోడికునుకు తీసిన పెట్టె
టిక్కుమని లేచి, ఒక్క చూపు చూసి,
రాసుకుని మళ్ళీ పడుకుంది.
2000 జనవరి 1, సున్నా గంటల పదిహేను నిమిషాలు.
నీరు నాలుగు మీటర్ల ముప్పై ఎనిమిది.
నీటి చలి మూడు డిగ్రీలు.
ప్రమాదం లేదు.

అప్పుడు తేదీ సరిచేసింది.
ఖుష్‌వక్త్ అటు తిరిగి గాడిదను కేకేశాడు,
దానికి వినబడనంత దూరం నుంచి.

నెల తరువాత ఖొరోగ్ ఆఫీసు నుంచి ఫోను.
మొదటి వరుస తప్పు పడింది, తీసేయనా?
"సెన్సరు బాగానే ఉంది" అంది ఓదినామో. "గడియారమే..."
కాసేపాగి,
"ఉంచండి. పక్కన ఒక మాట రాసుకోండి."

"ఏమని?"
అవతల పెన్ను మూత తీసిన చప్పుడు.