నాలుగో వంతు

బానాత్ మైదానంలో తెల్లవారి ఐదింటికి
తేనెటీగ లేవకముందే నేను మడిలో ఉంటాను.
చేతిలో పట్టకారు, మెడలో భూతద్దం,
జేబు నిండా గుడ్డ సంచులు.

పొద్దుతిరుగుడు ఒక పువ్వు కాదు,
వెయ్యి పువ్వులు కాపురమున్న ఊరు.
అంచు నుంచి నడుమకు
రోజుకు రెండు మూడు వరుసలు తలుపు తీస్తాయి.
పుప్పొడి రాలకముందే కేసరాలు పీకెయ్యాలి.
ఒక్కటి మరిచినా ఆ తలంతా అబద్ధం.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని.

కొన్నిటికి పట్టకారు అక్కర్లేదు.
వాటి పుప్పొడి మొగ్గలోనే ఇంకిపోయింది.
ఎక్కడో దూరదేశపు ఇసుకలో పెరిగిన అడవి అమ్మమ్మ
కూతురికీ, కూతురి కూతురికీ
చీరె మడతలో పెట్టిచ్చిన లోటు అది.
మా పుస్తకాల్లో ఆ లోటు పేరు ఆస్తి.

తండ్రి వేరే వరుసలో ఉంటాడు.
పొట్టివాడు, ఒళ్లంతా కొమ్మలు,
కొమ్మకో గుప్పెడు పువ్వు.
చూస్తే పిచ్చిమొక్క అని పీకేస్తారు.
వారాల తరబడి తెంపు లేకుండా పుప్పొడి పంచుతాడు,
తల్లి దగ్గర లేనిది పిల్లలకు తిరిగిస్తాడు.
పిల్లలు మాత్రం తండ్రిని పోలరు.
ఒకే కాండం, ఒకే తల, ఒకే ఎత్తు,
బడి గంటకు బారులు తీరినట్టు.
కోత యంత్రానికి కావాల్సిందీ అదే.

జూలైలో బొగొల్యూబ్ వచ్చాడు, టోపీ నలుపుతూ.
"నిరుడు మీ విత్తనం అద్దంలా పండింది ఎటెల్కా.
అందులోంచే నాలుగు బస్తాలు దాచి వేశాను.
చేను చూడు, తాగినవాడు చల్లినట్టుంది."

సైకిలెక్కి వెళ్లాను.
వేలు పెట్టి నూట అరవై మొక్కలు లెక్కపెట్టాను.
ముప్పై ఎనిమిది కొమ్మలేశాయి.
నలభై ఉండాలి.
మట్టికి లెక్కలు వచ్చు, చిల్లర దగ్గరే తేడా.

తండ్రి ఎక్కడికీ పోలేదు బొగొల్యూబ్,
ఒక తరం తల దించుకుని కూర్చున్నాడంతే, అన్నాను.

"ఆ మాట బ్యాంకులో చెప్పు" అన్నాడు.

ఏటేటా కొత్త విత్తనం కొనాలని
సంచి అడుగున రాసే ఉంది,
చీమ తలంత అక్షరాల్లో.
అది రాసింది నేను కాదు.
సంచి నిండింది మాత్రం నా వేళ్ల మీదుగానే.

గట్టు పక్కన ఒక మొక్క,
పదకొండు పువ్వులు, పువ్వుకో తేనెటీగ.
వాడి తల్లి దాన్లోంచే రెండు కోసి
ఊరగాయ సీసాలో పెట్టి కిటికీలో ఉంచిందట.
చెయ్యి అలవాటున జేబులోకి పోయింది.
చిన్న పువ్వొకదానికి సంచి తొడిగి ముడేశాను.
అంకె రాయలేదు.

"అదెందుకు?" అన్నాడు.

ఏమో.
ఎండెక్కుతోంది.
మడిలో ఈపాటికి మూడో వరుస విచ్చుకుని ఉంటుంది.