రశీదు

రాజోలు తాసీల్దారాఫీసు గోడ పక్కన
నా బల్ల, నా కంప్యూటరు, నా ప్రింటరు.
పదిహేడేళ్ళుగా ఊళ్ళ కోపాన్ని
పేజీకి ఇరవై రూపాయల చొప్పున కొడుతున్నాను.
'తీవ్రంగా' అన్న మాటని ఇక కొట్టక్కర్లేదు.
ఒక మీట నొక్కితే దానంతటదే వస్తుంది,
వెనకే 'ఖండిస్తున్నాం' తోకలా.

ఆ పొద్దున టీకొట్టు టీవీలో
ఏదో దూరదేశపు పెద్దకోర్టు చెప్పింది:
పదవి పేరున చేసిందైతే
ప్రెసిడెంటు మీద కేసు నిలవదని.
గ్లాసులు కడుగుతున్న పోలిశెట్టి తలెత్తి
"మన ప్రెసిడెంటుకి ఆ తీర్పు ముందే ఇచ్చేశారుగా, ఆయ్" అన్నాడు.
నవ్వాం. టీ చల్లారేదాకా నవ్వాం.
తర్వాత ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

మా ప్రెసిడెంటుగారు
తన రొయ్యల చెరువుల కోసం
మురుగుకాలవకి అడ్డంగా కట్ట వేయించాక
ఇది రెండో సార్వా.
రాత్రి రెండింటికి వచ్చిన పొక్లెయిను
అధికారికమైనదేనా కాదా అని
ఫైలు మూడు బల్లలు తిరిగింది.
చివరికి తేల్చారు:
తీర్మానం పుస్తకంలో ఉంది గనక అది పాలన,
పాలన గనక నేరం కాదు,
నేరం కాదు గనక ముంపు లేదు.
ముంపు లేని చేలో
మోకాటిలోతు నీళ్ళు. గుర్రపుడెక్క పూలు కూడా పూసింది.
సముద్రం ఎంతో దూరం లేదు.
నీళ్ళకి దారి తెలుసు.
దారికే ఒక ప్రెసిడెంటున్నాడు.

ఎదుటి పార్టీ వాళ్ళు వచ్చారు, రాకేం,
ఇస్త్రీ మడత నలక్కుండా ఆరుగురు.
"నియంత అని కొట్టు" అన్నాడు కుర్రాడు.
"నియంత వద్దు, ఏకపక్ష వైఖరి అను" అన్నాడు మండలం నాయకుడు.
"వైఖరి కూడా ఎందుకు, ధోరణి చాల్లే" అన్నాడు
అవే చెరువుల్లో పావలా వాటా ఉన్నాయన.
'డిమాండ్' చెరిపించి 'కోరుచున్నాము' పెట్టించారు.
దిద్దిన కొద్దీ కాగితం తేలికై తేలికై
ఫ్యాను గాలికి ఎగిరి కాలవలో పడింది.
మళ్ళీ తీశాను. మళ్ళీ ఇరవై.
ఫొటోలో వినతిపత్రం కన్నా చేతులే ఎక్కువ.
రిలే దీక్ష పదకొండుకి మొదలై
భోజనాల వేళకి విజయవంతమైంది.

మూడు దాటాక వచ్చింది నేలపూడి మార్తమ్మ.
ఎకరంన్నర కౌలు. చీర కుచ్చెళ్ళకి ఎండిన బురద.
"మహారాజశ్రీ" అని మొదలెట్టాను అలవాటుగా.
"ఆ మహారాజెవరు?" అంది.
చెరిపాను.
"గౌరవనీయులైన" అని కొట్టాను.
"నా దగ్గర లేని ముక్క నా కాగితంలో పెట్టకు బాబూ" అంది.
చెరిపాను.
తెల్లకాగితం మీద ఇంత చోటు
నేనెప్పుడూ చూళ్ళేదు.

చెప్పింది. కొట్టాను.
కట్ట ఎవరు వేశారో పేరుతో చెప్పింది,
రాత్రి ఎన్ని గంటలకో, పొక్లెయిను రంగేమిటో,
కుళ్ళిన నారు వాసన ఎలా ఉంటుందో,
చచ్చిన ఎలక మీద బెల్లప్పాకం పోసినట్టు.
ఎక్కడా 'తీవ్రంగా' రాలేదు.
సగం పేజీ. వేలిముద్ర కాదు, సంతకమే పెట్టింది
చర్చి బళ్ళో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో,
'పూ'కి దీర్ఘం మర్చిపోయి, మళ్ళీ దిద్ది.

డబ్బులొద్దన్నాను.
ఆ మాట అన్నందుకు నాకు నేను బాగానే అనిపించాను.
ఆమెకి అనిపించలేదు.
ఇరవై నోటు బల్ల మీద పెట్టి
"రశీదియ్యి" అంది.
టైపుకి రశీదేంటమ్మా అన్నాను.
"దీనికింత తెలివెక్కడిది, ఎవరో రాయించారు అంటారు రేపు.
నువ్వు నన్నెరగనంటావు.
నీ పేరేసి ఇయ్యి."

పదిహేడేళ్ళు. వేల పేజీలు.
ఒక్కదాని అడుగునా నా పేరు లేదు.
పెన్ను తీశాను.
తాసీల్దారాఫీసు కిటికీలోంచి
ఎవరో గ్లాసు పట్టుకుని ఇటే చూస్తున్నారు.
రాయట్లేదన్నట్టు పెన్నుని
బల్ల మీద రెండుసార్లు గీసి చూశాను.
సిరా ఉందని నాకు తెలుసు.

మార్తమ్మ ఎండలో నిలబడే ఉంది.