తూము దగ్గర వల

మొగల్తూరులో మా ల్యాబు షట్టరు
సగం లేపానో లేదో
గుమ్మంలో సైదు నాంచారయ్య.
లుంగీ మోకాళ్ళదాకా తడి.
ఎప్పుడూ తెచ్చే నీళ్ళ సీసా లేదు,
రొయ్యల కవరూ లేదు.
తువ్వాల్లో చుట్టిన ఫోను,
జ్వరమొచ్చిన పిల్లని తెచ్చినట్టు.

"సువార్తమ్మా, వైరస్ వచ్చింది."

ఆ మాట ఈ చుట్టుపక్కల ఎవరూ ఊరికే అనరు.
ఆ మాటకి
రాత్రికి రాత్రి ఏరియేటర్లు ఆగిపోతాయి,
వంద కౌంటుకే చెరువు పట్టేస్తారు,
మేత కొట్టువాడు ఎదురొస్తే
సందు మార్చి నడుస్తారు.
తల పెంకు మీద తెల్లటి చుక్క,
ఆవగింజలో సగం ఉంటుందేమో.
మూడేళ్ళ కింద ఇదే బల్ల మీద
నేనే చూపించాను ఈయనకి.

"ఎన్నో నంబరు చెరువు?"
"చెరువు కాదు. ఇందులో."

తువ్వాలు విప్పాడు. తెర నిండా ఎరుపు.
మీ ఫోనులో పదమూడు వైరస్‌లు,
రెండు నిమిషాల్లో అంతా తుడిచిపెట్టుకుపోతుంది,
వెంటనే ఈ నంబరుకి చేయండి.
కింద ఒక గడియారం వెనక్కి నడుస్తోంది.
"రాత్రి పదకొండు నించీ నడుస్తానే ఉంది,
ఆ రెండు నిమిషాలూ అవట్లేదు."

ఎందుకైనా మంచిదని
ఫోన్ని మోటారు షెడ్డులో పెట్టి తాళం వేశాడట,
చెరువుకి అంటకుండా.

నవ్వొచ్చింది. ఆ కళ్ళు చూసి మింగేశాను.

"ఆ నంబరుకి చేశారా?"
"చేశాను. హిందీలో ఏదో అడిగాడు. పెట్టేశాను.
మనకి హిందీ రాకపోడం మంచిదే అయిందంటావా?"
"చాలా మంచిదయింది."

మూలనున్న మూడు చుక్కలు నొక్కాను.
సెట్టింగులు, అందులో సైట్ సెట్టింగులు,
అందులో నోటిఫికేషన్లు.
పొరలు ఒలుచుకుంటూ వెళితే
అడుగున ఉంది, ఎవరిదో నోరు తిరగని పేరు,
పక్కనే పచ్చగా: అనుమతించారు.

అప్పుడు గుర్తొచ్చిందాయనకి.
మంగళవారం రేటు పడిపోయిందని విని
ధర చూద్దామని ఏదో తెరిస్తే
నువ్వు మరమనిషివి కాదని చూపించు,
అనుమతించు నొక్కు, అందట.
"నేను మనిషినే కదా అని నొక్కాను."

ఉప్పుటేట్లో పోటు నీరొచ్చినా
తూముకి సన్నకన్ను వల కట్టకుండా
చుక్క తోడని మనిషి.
కాకి వాలకుండా పైన దారాలు,
పీత పాకకుండా చుట్టూ నీలం వల.
ఇక్కడ మాత్రం మర్యాదగా అడిగారని
తలుపు తనే తీశాడు.

"లోపల ఏమీ లేదు బాబాయ్,
వీధిలో నించుని అరుస్తున్నారంతే.
అరుగు మీరిచ్చారు."

అనుమతి తీసేశాను. ఆ పేజీ మూసేశాను.
పాత చెత్త కూడా తుడిచేశాను.
ఫోను నోరు మూసుకుంది.
ఆయన మాత్రం కదల్లేదు.

"లేదని కాగితం రాసివ్వమ్మా."

ఇచ్చాను, మా ల్యాబు ఫారం మీదే.
నమూనా: ఫోను. ఫలితం: నెగటివ్.
వెనక పెద్దక్షరాలతో:
ఎవరడిగినా అనుమతించు నొక్కొద్దు.
భయపెట్టే నంబరుకి చేయొద్దు.
నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

పన్నెండేళ్ళుగా ఈ గొట్టంలోకి కన్ను పెట్టి చూస్తున్నాను.
చంపేది ఏదీ
ఇంత ఎరుపులో రాలేదు,
ఫోన్ నంబరు ఇవ్వలేదు.

మెట్టు దిగి, బండి స్టాండు తీసి,
మళ్ళీ వెనక్కొచ్చాడు.
డిక్కీలోంచి మరిచిపోయిన కవరు తీసి
బల్ల మీద పెట్టాడు.

"నాలుగో చెరువులో తెల్లారగట్ట
ఇవి రెండూ గట్టు పక్కకొచ్చి ఊరికే నించున్నాయి.
పెద్ద ఏం కాదులే. వీలున్నప్పుడు చూడు."

చేతి తొడుగులు వేసుకున్నాను.