ఒక గీత తక్కువ

సోఫాలో కూర్చుంటే ఫోనులో నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయి.
మూల బల్ల మీది కంప్యూటర్‌లో మాత్రం
చిన్న భూగోళం బొమ్మ, దాని మీద కొట్టివేత.
ఒకటే ఇల్లు, ఒకటే రూటరు, ఒకటే బిల్లు.
తోడికోడళ్ళలో ఒకరికే కబురు అందినట్టు.

సాయంత్రం ఆరుకల్లా రాయపేట ప్రెస్సుకి ఫైలు వెళ్ళాలి.
సూళ్ళూరుపేట వాళ్ళ శుభలేఖ, ఐదొందల కార్డులు, పసుపు అంచు.
వినాయకుడి తొండం ఎడమకా కుడికా అని
మూడు రోజులు తేల్చుకోలేకపోయినవాళ్ళు
ఇవాళ పావుగంటకోసారి ఫోన్ చేస్తున్నారు.

రూటరు ఆపాను. ముప్ఫై అంకెలు లెక్కపెట్టి వేశాను.
ఎర్ర దీపం కాసేపు ఆలోచించి పచ్చబడింది.
భూగోళం కదల్లేదు.
నెట్‌వర్కుని మరిచిపొమ్మని నొక్కాను,
మరిచిపోయింది. మళ్ళీ పరిచయం చేశాను.
సీపీయూ వెనక కుంకుడు గింజంత డాంగిల్ పీకి,
దుమ్ము ఊది, పక్క కన్నంలో గుచ్చాను.

ఊరి వాళ్ళందరూ వచ్చారు:
మురుగన్ తుణై, మూడో అంతస్తు డాక్టరు,
జయం ఫ్యామిలీ, 'అడగొద్దు ఇవ్వను' అని ఇంకొకటి.
ఎనిమిదేళ్ళుగా ఈ కొళత్తూరు మేడలో
మెట్ల మీద తలలూపుకోవడమే గాని
ఇందరి పేర్లు వరసగా చదివింది ఇవాళే.
వాళ్ళ గోడలూ మా గోడలూ దాటి వాళ్ళంతా వస్తున్నారు,
మా హాల్లోంచి మా రూటరే రాలేకపోతోంది.

తమిళానికి ఒకటి నొక్కమంది, ఇంగ్లీషుకి రెండు.
తెలుగుకి అంకె లేదు.
ఒకటి నొక్కాను.

"కంప్యూటర్ ముసలిదైపోయింది" అన్నాడు భక్తవత్సలం,
షర్టు గుండీలు పెట్టుకుంటూ.
దానికి ఏడేళ్ళు.
ఆయన వయసు నేను ఎత్తలేదు.

నాలుగింటికి ముగిలన్ అనే కుర్రాడొచ్చాడు.
కంప్యూటర్ ముట్టుకోలేదు.
ఫోను అరచేతిలో పడుకోబెట్టుకుని
హాలంతా మెల్లగా నడిచాడు.
ఊత్తుకోటలో బోరు వేసే ముందు
అరచేతిలో కొబ్బరికాయతో ఒకాయన ఇలాగే నడిచేవాడు,
వెనకాల పిల్లలం ఊపిరి బిగబట్టుకుని.
సోఫా దగ్గర నాలుగు. బీరువా దగ్గర మూడు.
ఇంకో రెండడుగులు, ఒకటి.
కాయ నిలబడ్డట్టు ఆగిపోయాడు.

"తణ్ణి, అక్కా."

దాహం కాబోలని వంటింట్లోకి తిరిగాను.
"అది కాదక్కా, ఇది" అని వేలు చూపించాడు.

తొట్టి.
నిన్న ఆదివారం, వీధి చివర చేపల అంగళ్ళలో
మా ఆయన రెండు గంటలు బేరమాడి తెచ్చిన తొట్టి.
రూటరుకీ నా బల్లకీ సరిగ్గా మధ్యన
నూట యాభై లీటర్ల నీళ్ళు,
డజను గప్పీలు, రెండు బంగారు చేపలు, ఒక ప్లాస్టిక్ కోట.
నీళ్ళు సిగ్నల్ని తాగేస్తాయట.
పెద్ద చేప అద్దానికి మూతి ఆనించి
నోరు తెరుస్తోంది, మూస్తోంది,
శుభలేఖ కూడబలుక్కుని చదువుతున్నట్టు.

తీసేద్దామా అనలేదు ఎవరూ.
ఇందుజ రాత్రే పేర్లు పెట్టేసింది,
ఒకటి పప్పు, ఇంకొకటి చారు.
పేరు పెట్టాక మా ఇంట్లో ఏదీ బయటికి పోదు.

ముగిలన్ సంచిలోంచి గజం వైరు తీశాడు.
ఒక కొస సీపీయూకి, ఇంకో కొసన డాంగిల్,
దాన్ని క్యాలెండర్ మేకుకి వేలాడదీశాడు,
తొట్టికి రెండు జానల పైన, దిష్టి నిమ్మకాయలా.
రూటరుని అటక అంచుకి ఎక్కించాడు.
వైరుకి నూట ఎనభై. మజ్జిగ మాత్రం తాగాడు.

భూగోళం పోయింది. ఒక గీత, రెండు, మూడు.
ఐదూ నలభైకి శుభలేఖ రాయపేట చేరింది.
ఆరు గంటలకి సూళ్ళూరుపేట నుంచి ఫోన్:
తొండం కుడికి తిప్పుతారా అని.

నాలుగో గీత రాలేదు.
తొట్టి జరిపితే తప్ప రాదన్నాడు ముగిలన్, చెప్పులేసుకుంటూ.
ఇందుజ నా మొహంలోకి చూసింది.

అది చేపలకి వదిలేశాం.