పిడికిలి

కాశిబుగ్గల మా చెల్లె పెండ్లి ఇల్లు.
పందిరి గుంజలకు మామిడాకులు ఇంకా కట్టనే లేదు,
చార్‌బౌళి నుంచి నడుచుకుంట
పొద్దుగాలనే వచ్చింది జైనబ్బీ,
అరుగు మీద గాజుల మలారం దించింది.

వరుసగ కూసున్నరు అందరు.
పెద్దత్త, చిన్నత్త, పెండ్లిపిల్ల, పక్కింటి రాజేశ్వరి.
ఆమె చేతుల్ల పడ్డ ఏ చెయ్యైనా
పిండిముద్దోలె మెత్తబడుడే,
ఎంత ఇరుకు గాజైనా ఎముక దాటి జారుడే.

నా బిడ్డ వంతు వచ్చింది.
ఆరేండ్ల హారిక పిడికిలి బిగించింది.
"సిగ్గు దీనికి" అనుకుంట నేనే
మణికట్టు దొరకబట్టి ముందుకు గుంజిన.
నలుగురిల పరువు పోతదని తొందర నాకు.

జైనబ్బీ గాజు పక్కకు పెట్టింది.
"ఇడువు తల్లీ. యాభై ఏండ్ల సంది ఏస్తున్న.
పిడికిలికి గాజు ఎక్కదు.
బలిమి జేస్తే రెండిట్ల ఒకటైతది,
గాజన్న పలుగుతది, చెయ్యన్న తెగుతది."

పిల్ల ముంగట రంగులు పరిచి
ఊకె కూసున్నది.
ఆకు నమిలింది. మొగులు దిక్కు జూసింది.
ఎనకున్నోళ్లు నసిగిన్రు,
వంటాయన ఉప్పు జూడమని పిలిచిండు,
ఆటో ఒకటి హారన్ కొట్టుకుంట సందు దాటింది.

ఎప్పటికో ఎడమ చెయ్యి ముందుకొచ్చింది.
"పచ్చది. ఒక్కటే."
"ఒక్కటేనా?"
"ఒక్కటే. ఇగ వద్దు."
"సరే బేటా, ఒక్కటే."
ఒంటి గాజు మంచిది కాదని పెద్దత్త గునిసింది.
జైనబ్బీకి ఆ మాట వినపడలేదో, వినలేదో.

మాపటికి పరకాల నుంచి సాంబయ్య మామ దిగిండు.
మంచోడు. నా కాలేజీ ఫీజు కట్టినోడు.
మీసాల నిండ బీడీ వాసన.
"ఏదీ నా బంగారం, తాతకు ఒక ముద్దియ్యి!"
చేతులు చాపిండు, జేబుల చాక్లెటు చూపిండు.
హారిక నా చీర కుచ్చిళ్లల్ల దూరింది.
"ఇయ్యకుంటే తాత ఏడుస్తడు" అన్నరెవరో.
ఇల్లంత నవ్వింది.

నా అరచెయ్యి అప్పటికే దాని వీపు మీద ఉన్నది.
ఆ బరువు నాకు ఎరుకే.
ఇదే ఇంట్ల, ఇదే గడప కాడ
మా అమ్మ చెయ్యి నా వీపును నూకింది
ఎవరి ఒడిలకో. పేరు గూడ యాది లేదు,
గరుకు గడ్డం ఒక్కటే యాది.
ఏడిస్తే మొండిదన్నరు, నవ్వితే మంచి పిల్లన్నరు.
నేను మంచి పిల్లనైన.
చానేండ్లు మంచి పిల్లగనే ఉన్న,
బస్సుల పక్క సీటు మోచెయ్యి ఆగకున్నా
కిటికీ దిక్కు జరిగి, జరిగి,
మంచి పిల్లగనే ఉన్న.

చెయ్యి తీసిన.
"దానికి ఇష్టం లేదు మామా" అన్న.
గొంతు వణికింది, అబద్ధమెందుకు.
నవ్వు ఆగింది. చాయ్ గిలాస మీద ఈగ వాలింది.
చాక్లెటు ఇయ్యాల్నో, జేబుల పెట్టుకోవాల్నో తెల్వక
మామ కొద్దిసేపు అట్లనే నిలవడ్డడు.
ఆఖరికి కిటికీల పెట్టి
"ఊకెనే తీస్కో బిడ్డా, ముద్దు బాకీ లేదు" అన్నడు.
కోపమొచ్చిందో, రాలేదో, నాకిప్పటికీ తెల్వది.
బువ్వల కాడ మాత్రం నా దిక్కు చూడలే.

రాత్రి పరుపులన్నీ వరుసగ పరిచినంక
పండుకున్న దాని మీదికి వంగిన.
ఎంత ముచ్చటేసిందో పొద్దటి సంది,
ఎంత గర్వమో, నా మీద నాకే.
పెదవులు చెంప కాడికి పోకముందే
కండ్లు తెరవకుంటనే అన్నది:
"ఇప్పుడొద్దమ్మా."

వంగిన నడుము గట్లనే ఆగింది.
కన్నదాన్ని గద, అన్నది లోపల ఒకతి.
నాకు గూడనా, అన్నది.
ఆమెను కొంచెంసేపు ఏడ్వనిచ్చిన.
జైనబ్బీ తీర్గ గోడకు ఒరిగి కూసున్న.

అటు మర్లిన బిడ్డ చెయ్యి గోడకు తగిలి
ఒంటి గాజు చప్పుడైంది.
పిడికిలి ఇప్పుడు లేదు.
నిద్రల తెరుచుకొని ఉన్నది అరచెయ్యి,
ఎవ్వరికోసమూ కాదు,
ఊకెనే.